వెనక సీటు రక్షణ మనకొద్దు

మొన్న శ్రీకాకుళంలో జరిగిన మన రెండు జిల్లాల సమావేశం చివర, వచ్చే సమావేశానికి నేను రాలేనని చెప్పాను. కారణం అడిగారు. మద్రాసు పక్కన ఇరుంగట్టుకోట్టైలో ఉన్న మోటారు రేసు ట్రాక్ మీద ఒక రోజు మోటారు సైకిల్ నడపడానికి వెళ్తున్నాననీ, ట్రాక్ ఎక్కడం నాకిదే మొదటిసారనీ చెప్పాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

నలభై ఆరేళ్ళొచ్చాక మోకాళ్ళ సంగతి చూసుకోవాలి గానీ ఇదేం సరదా అన్నారొకరు. కుర్రాళ్ళు రోడ్ల మీద బండ్లు తోలి చస్తున్నది చాలదా, ఆ మగతనపు పిచ్చిని మనమూ నేర్చుకోవాలా అన్నారు ఇంకొకరు. పాలకొండ వైపు పనిచేసే ఒక అమ్మాయి మెల్లిగానే అంది గానీ అందరి మాటలకన్నా అదే గట్టిగా తగిలింది: "మేం పనిచేసే ఊళ్ళకి బస్సే రాదు మేడం. మీరు రేసు ట్రాకంటున్నారు." చివరికి, మన ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా ఉన్న పెద్దావిడ టీ గ్లాసులు తీస్తూ అడిగింది: "ఏటమ్మా, పడితే ఎవులు సూస్తారు?"

ఆ రోజు నవ్వేసి ఊరుకున్నాను. ఊరుకోవడం తప్పని ఇంటికొచ్చాక అనిపించింది. మొదటి మూడూ అభ్యంతరాలు. వాటికి జవాబు చెప్పొచ్చు. నాలుగోది ప్రశ్న. ఆడవాళ్ళ కదలిక గురించి మనం రాసే వ్యాసాలన్నిటికంటే సూటైన ప్రశ్న. దానికి మన సంఘం ఇప్పటిదాకా ఇస్తున్న సమాధానం తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. నేను వెళ్తున్నది పందెానికి కాదు. ట్రాక్ డేలో గెలుపూ ఓటమీ ఉండవు, బహుమతి ఉండదు. రోజుని పదిహేను ఇరవై నిమిషాల విడతలుగా విడగొడతారు. కొత్తవాళ్ళను ఒక జట్టుగా, అనుభవం ఉన్నవాళ్ళను వేరే జట్టుగా పంపుతారు. బ్రేకు ఎక్కడ వేయాలి, మలుపులోకి ఎక్కడ తిరగాలి, చూపు ఎక్కడ నిలపాలి అనేది ప్రతి విడత ముందూ చెప్తారు, తర్వాత తప్పులు చెప్తారు. 1990లో మొదలైన ఆ ట్రాక్ పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. అక్కడ ఎదురుగా లారీ రాదు. గేదె అడ్డం రాదు. లైట్లు లేని ట్రాక్టరు నిలిపి ఉండదు. అందరూ ఒకే దిక్కుగా వెళ్తారు. అంటే అది బండి నేర్చుకునే బడి. మన దేశంలో ఆ బడికి ఆడవాళ్ళు చాలా తక్కువగా వెళ్ళారు.

ఇక నేనెందుకు వెళ్తున్నానన్నది. దానికి మూలం మన సంఘం మూడేళ్ళ కిందట చేసిన ఒక తీర్మానం. అది రాసిందాన్ని నేనే కాబట్టి ఆ సంగతి నేనే చెప్పాలి.

మన కార్యకర్త ఒకామె, పేరు రాయను, పాలకొండ నుంచి సీతంపేట ఎక్కే దారిలో ఒక మలుపు దగ్గర పడిపోయింది. మధ్యాహ్నం మూడు గంటల వేళ. మలుపులో కంకర ఉంది. ఎదురుగా జీపు వచ్చింది. భయపడి ముందు బ్రేకు ఒక్కసారిగా బిగించింది. చక్రం జారింది. కాలు రెండు చోట్ల విరిగింది. హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించి ఉంది. తలకు దెబ్బ తగలకపోవడం అదృష్టం తప్ప మన గొప్ప కాదు. ఆ స్కూటీకి అప్పు ఇప్పించింది మనం. నడపడం నేర్పింది ఆమె తమ్ముడు, బడి ఆవరణలో, రెండు సాయంత్రాలు. దిగుడులో బ్రేకు ఎలా వేయాలో, కంకర కనిపిస్తే ఏం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మనమూ అడగలేదు. ఆమె మంచం మీద ఉన్న మూడు నెలల్లో ఇంట్లోవాళ్ళు స్కూటీ అమ్మేశారు. పని మానిపించారు. ఇప్పుడు ఇంటి దగ్గర మిషన్ కుడుతోంది.

ఆ ప్రమాదం తర్వాత మనం ఏం చేశాం? సమావేశం పెట్టాం. మహిళా కార్యకర్తలు సాయంత్రం ఆరు తర్వాత ద్విచక్ర వాహనాల మీద ప్రయాణించకూడదనీ, ఏజెన్సీ గ్రామాలకు వెళ్ళేటప్పుడు వీలైనంతవరకు మగ సహోద్యోగి బండి మీద వెళ్ళాలనీ తీర్మానించాం. ఏకగ్రీవంగా. ఆమె పడింది పట్టపగలు. ఆమెను పడేసింది చీకటి కాదు. పక్కన మగవాడు లేకపోవడమూ కాదు. ఆమెకు బ్రేకు వేయడం రాకపోవడం, దారి బాగోకపోవడం, హెల్మెట్ తలమీద లేకపోవడం. ఈ మూడిటిలో ఒక్కదాని గురించీ మన తీర్మానంలో ఒక్క వాక్యం లేదు.

స్త్రీల సంచారం మీద ఆంక్షల గురించి చదివినదాన్ని, సమాజశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నదాన్ని. అయినా కలం పట్టుకున్నాక నా చేతి నుంచి వచ్చింది ఒక తండ్రి మాట. 'పడతావు, కాబట్టి వెళ్ళకు.' పెద్దావిడ ప్రశ్నకి మనం ఇచ్చిన సమాధానం ఇదే. పడితే ఎవరు చూస్తారు? ఎవరూ చూడరు, అందుకని ఇంట్లో ఉండు.

రక్షణ అనే మాట కింద రెండు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. ప్రమాదం ఉన్న చోటికి మనిషిని రాకుండా ఆపడం ఒకటి. ప్రమాదాన్ని తగ్గించి, మనిషిని దానికి సిద్ధం చేసి, పడితే లేపే ఏర్పాటు చేయడం రెండోది. మగవాళ్ళకు సమాజం రెండోదాన్ని ఎంతో కొంత ఇస్తుంది. ఆడవాళ్ళ దగ్గరకొచ్చేసరికి మొదటిదాన్నే ఇచ్చి దాన్నే ప్రేమ అంటుంది, సంస్కృతి అంటుంది, కొన్నిసార్లు చట్టం అంటుంది.

చట్టం అని ఊరికే అనడం లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ఆడవాళ్ళను ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపలే పనిలో పెట్టుకోవాలంది. రాత్రి దారి ప్రమాదకరమైతే దారిలో దీపం పెట్టాలి, బండి ఏర్పాటు చేయాలి. చట్టం ఆ పని చెప్పకుండా ఆడదాన్ని ఇంటికి పంపింది. ఆ నియమాన్ని రాష్ట్రాలు ఒక్కొక్కటిగా సడలించడానికి దశాబ్దాలు పట్టింది. ఢిల్లీలో 2014 దాకా స్కూటర్ మీద వెళ్ళే ఆడవాళ్ళకి హెల్మెట్ తప్పనిసరి కాదు. అడ్డగించాల్సి వస్తే ఆడదాని కదలికను అడ్డగిస్తారు, కాపాడాల్సి వస్తే ఆమె తలను వదిలేస్తారు.

ఇంకో ఉదాహరణ బండ్ల లోకం నుంచే. మాన్ దీవిలో జరిగే టీటీ పందెం ప్రపంచంలోనే ప్రాణాంతకమైన పందేల్లో ఒకటి. 1962లో బెరిల్ స్వెయిన్ అనే ఆమె 50 సీసీ బండి మీద అందులో ఒంటరిగా పాల్గొన్న మొదటి స్త్రీ అయింది. పందెం పూర్తి చేసింది కూడా. ఆ తర్వాత అధికారులు ఆమె అంతర్జాతీయ లైసెన్సు తీసేసుకున్నారు. ఆడవాళ్ళకది ప్రమాదకరం అన్నారు. అదే దారిలో ఎందరో మగ రైడర్లు చనిపోయారు. వాళ్ళ చావులు పందేన్ని ఆపలేదు, మగవాళ్ళ లైసెన్సులు తీయలేదు. అంటే అక్కడ సమస్య ప్రమాదం కాదు, ఆ ప్రమాదం ఎవరిది అన్నదే. 2018లో స్పెయిన్ అమ్మాయి ఆనా కరాస్కో మగవాళ్ళతో కలిసి పోటీ చేసి సూపర్‌స్పోర్ట్ 300 ప్రపంచ టైటిల్ గెలిచింది. 2019లో బెంగుళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే బాజా ర్యాలీల ప్రపంచ కప్పులో మహిళల విభాగం గెలిచింది. బెరిల్ స్వెయిన్ దగ్గర లైసెన్సు లాక్కున్న రోజుకీ ఈ గెలుపులకీ మధ్య అర్ధ శతాబ్దం పైన గడిచింది. ఆ మధ్యలో ఎంతమంది ఇంట్లో ఉండిపోయారో లెక్కలేదు.

మన దేశంలో బండి మీద ఆడదాని చోటు ఎక్కడో చూడండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది ప్రతి మోటారు సైకిలుకీ వెనక కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే చోటు, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా చక్రాన్ని సగమైనా కప్పే అడ్డు ఉండాలంటుంది. ఆ నిబంధనలో చీర అన్న మాట లేదు, ఆడది అన్న మాట లేదు. కానీ దుకాణంలో, మెకానిక్ దగ్గర, మన నోట్లో దాని పేరు 'శారీ గార్డు'. ఆ అడ్డు మంచిదే, ఎన్నో ప్రాణాలు కాపాడింది. నేను చెప్పేది వేరు. మోటారు సైకిల్ తయారయ్యేటప్పుడు ఆడదాన్ని తలుచుకున్న ఒకే ఒక్క చోటు అదే. వెనక, పక్కకు తిరిగి, కొంగు దగ్గర పెట్టుకుని కూర్చున్న మనిషిగా.

ఆ చోటు భద్రమైనదా? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది. వాళ్ళలో 14,337 మంది బండి నడుపుతున్నవాళ్ళు కాదు, వెనక కూర్చున్నవాళ్ళు. మన రోడ్ల మీద వెనక సీట్లో ఎవరు కూర్చుంటారో, హెల్మెట్ ఎవరి తలమీద ఉంటుందో చెప్పడానికి సర్వే అక్కర్లేదు; శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో పది నిమిషాలు నిలబడితే చాలు. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ వెనక కూర్చున్నవాళ్ళకూ హెల్మెట్ ఉండాలంటుంది. మన తీర్మానం మాత్రం కార్యకర్తను నడిపే సీటు నుంచి దింపి, మగ సహోద్యోగి వెనక, హెల్మెట్ లేకుండా కూర్చోబెట్టింది. ఆమెను భద్రంగా ఉంచామని అనుకున్నాం.

ఇక నా సన్నాహాల గురించి. ఆరు నెలలుగా సిద్ధమవుతున్నాను. ఈ ఆరు నెలల్లో నేర్చుకున్నది బండి గురించి ఎంతో, మన గురించీ అంతే.

నాది ఆరేళ్ళ పాత 160 సీసీ బండి. ట్రాక్‌కి తీసుకెళ్ళాలంటే టైర్లు, బ్రేకు ప్యాడ్లు బాగుండాలి, చైను సరైన బిగువులో ఉండాలి, చుక్క ఆయిల్ కారకూడదు. అద్దాలు విప్పేయాలి. హెడ్‌లైటుకీ ఇండికేటర్లకీ టేపు అంటించాలి, పగిలితే గాజు ముక్కలు దారి మీద చెదరకుండా. విజయనగరంలో నేను వెళ్ళిన మెకానిక్ మొదటి రోజు "సారు రాలేదా మేడం" అని అడిగాడు. బండి నాదేనన్నాను. నమ్మడానికి రెండు వారాలు పట్టింది. నమ్మాక మాత్రం తన కొట్టు ముందు స్టూలు వేసి, ప్యాడ్లు విప్పడం బిగించడం నా చేతే చేయించాడు. బండిని రైలు పార్సిల్లో పంపాలంటే ట్యాంకులో పెట్రోలంతా తీసేసి, గోనెపట్టా చుట్టించి, కాగితాల నకళ్ళు ఇవ్వాలి. ఇవేవీ కష్టమైన పనులు కావు. మనకెవరూ చెప్పని పనులు.

కష్టం బట్టల దగ్గర వచ్చింది. ట్రాక్ మీద తోలు సూటు, మణికట్టు దాటిన గ్లవ్స్, చీలమండ కప్పే బూట్లు, మొహమంతా మూసే హెల్మెట్, వీపుకి కవచం తప్పనిసరి. విశాఖపట్నంలో మూడు దుకాణాలు తిరిగాను. ఆడవాళ్ళ సైజు లేదన్నారు. మగవాళ్ళ చిన్న సైజు వేసుకుంటే భుజాలు వదులు, తుంటి దగ్గర బిగుతు. మోచేతి మీద ఉండాల్సిన కవచం ముంజేతి మీదికి జారుతుంది. దెబ్బ తగిలేది మోచేతికి, కవచం ఉండేది ఇంకో చోట. హెల్మెట్ బుగ్గల్ని గట్టిగా పట్టుకోవాలి, తల తిప్పితే దానితోపాటే తిరగాలి. ముడి వేసుకుంటే అది తలమీద కూర్చోదు. జడ కిందికి వేసి సూటు లోపలికి దోపాలి. గాజులు, గొలుసులు తీసేయాలి. నెలసరి రోజైతే ఆ సూటులో ఏం చేయాలో నేను చూసిన సూచనల కాగితాల్లో ఎక్కడా లేదు.

శిక్షణ ఇచ్చేవాళ్ళు పంపిన హామీ పత్రంలో 'తండ్రి లేక భర్త పేరు' అని ఒక గడి ఉంది. ప్రమాదం జరిగితే ఎవరికి చెప్పాలో రాయడానికి కింద వేరే గడి ఉంది. మరి ఈ పై గడి దేనికి? ఫోన్ చేసి అడిగాను. అవతలి అబ్బాయి తడబడి "అది ఎప్పట్నుంచో ఉంది మేడం" అన్నాడు. ఖాళీగా వదిలి పంపాను. తీసుకున్నారు.

నాకు బాగా నచ్చింది జెండాల పాఠం. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, నెమ్మదించాలి, ఎవరినీ దాటకూడదు. ఎర్ర జెండా అయితే విడత ఆగిపోయింది, మెల్లగా వెనక్కి రావాలి. నల్ల జెండా చూపిస్తే నీలోనో నీ బండిలోనో ఏదో తేడా ఉంది, బయటికి రా. కొత్తవాళ్ళ జట్టులో మలుపుల్లో దాటడం నిషేధం. ట్రాక్ పక్కన మనుషులు నిలబడి ఉంటారు, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది, మలుపు బయట జారిపోవడానికి ఖాళీ నేల ఉంటుంది. అలసిపోతే తర్వాతి విడత మానేయమని వాళ్ళే చెప్తారు. నువ్వు పడొచ్చు అన్న సంగతి ముందే ఒప్పుకుని, దానికి తగ్గ ఏర్పాటు చేసిన చోటు అది. నలభై ఆరేళ్ళ జీవితంలో నేను పడొచ్చని ముందే ఊహించి, పడితే ఏం చేయాలో ఆలోచించి పెట్టిన చోటు నాకు ఇంకెక్కడా కనిపించలేదు. పుట్టింట్లో లేదు, యూనివర్సిటీలో లేదు, మన సంఘంలోనూ లేదు.

సాధన భోగాపురం వైపు ఖాళీగా పడున్న లేఅవుట్ రోడ్ల మీద, తెల్లవారుజామున చేశాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. భయం గుర్తుపట్టి చేయి కదిపేలోపలే ఆ 17 మీటర్లు అయిపోతాయి. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకి వస్తుంది కాబట్టి బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. దాన్ని ఒక్కసారిగా లాగకూడదు, పిండినట్టు క్రమంగా బిగించాలి, అదీ బండి నిటారుగా ఉన్నప్పుడు, మలుపుకి ముందే. ఈ మూడు వాక్యాలు నాకు వంట్లోకి ఎక్కడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. ఆ నాలుగు ఆదివారాలు సీతంపేట దారిలో పడిన మన కార్యకర్తకు మనం ఇవ్వలేదు. ఆమె స్కూటీ విషయంలో రూలూ చిన్నచూపే చూసింది. 2018-19లో వచ్చిన నియమం 125 సీసీ దాటిన బండ్లకి చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి చేసి, చిన్న బండ్లకి ముందూ వెనకా బ్రేకులు కలిపి పడే ఏర్పాటుతో సరిపెట్టింది. ఆడవాళ్ళు ఎక్కువగా నడిపేది ఆ చిన్న బండ్లే.

అన్నిటికంటే కష్టమైంది చూపు. చూపు ఎటుంటే బండి అటే పోతుంది. గుంత వంక చూస్తే గుంతలోకే వెళ్తుంది. తలెత్తి, మలుపు అవతలికి, వెళ్ళాల్సిన చోటికి చూడాలి. తలొంచుకుని నడవమని పెంచిన శరీరాలు మనవి. అమ్మాయిలు తమ శరీరాన్ని పూర్తిగా చాచకుండా, చోటుని పూర్తిగా వాడకుండా ఎలా పెరుగుతారో అమెరికన్ తత్వవేత్త ఐరిస్ మేరియన్ యంగ్ 1980లో రాసింది. నేను దాన్ని తరగతిలో పదేళ్ళు పాఠం చెప్పాను. లేఅవుట్ రోడ్డు మీద బండి మూడుసార్లు కాలవ వైపు పోయాక గానీ అది నా మెడలో ఉందని తెలియలేదు.

ఇది మన నేలకు కొత్త ధైర్యం అనుకోవద్దు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి కార్లను గొలుసులతో పట్టి ఆపాడని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆయన బలాన్ని గర్వంగా చెప్పుకునే ఇదే జిల్లాలో, ఆమదాలవలసలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ అయింది. విజయనగరం పక్కన కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. బరువులెత్తే ఆడపిల్లలకు ముందు నేర్పే వాటిలో ఒకటి, ఎత్తలేకపోతే బరువుని ఎలా వదిలేయాలి, దాని కింద నుంచి ఎలా తప్పుకోవాలి అన్నది. వేదిక కూడా బరువు పడడానికి వీలుగానే కడతారు. పడటానికి ముందే చోటు చేసి పెట్టారు కాబట్టే ఎత్తగలిగారు. ఈ నేల మీదే దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగుతుంది. అమ్మవారు ఆడది. ఆమె పేరున మాను చివర, అంత ఎత్తున కూర్చుని ఊరంతా చూసేది మగ పూజారి. భక్తిని కించపరచడానికి కాదు ఈ మాట. ఎత్తు ఎవరిది, కింద నిలబడి దండం పెట్టే చోటు ఎవరిది అన్నది మాత్రం గమనించమంటున్నాను.

ఇక అభ్యంతరాలు. మగతనపు పిచ్చి అన్నారు. రోడ్డు మీద వేగం పిచ్చే. రేసుల దగ్గర రైడర్లకి గొడుగు పట్టడానికి అమ్మాయిలను నిలబెట్టే సంస్కృతీ నాకు తెలుసు. ఫార్ములా వన్‌లో ఆ ఆనవాయితీని ఆపడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది. దాన్ని నేను సమర్థించడం లేదు. కానీ మగవాళ్ళు పాడుచేసిన ప్రతి చోటునీ వదిలేసుకుంటూ పోతే మనకి వంటిల్లు కూడా మిగలదు.

వర్గం సంగతి. పాలకొండ అమ్మాయి అన్నది నిజం. ట్రాక్ ఫీజు, సూటు అద్దె, బండి పార్సిల్, నా రైలు ఖర్చు కలిపితే మన రాష్ట్రంలో ఆశా కార్యకర్తకి 2019లో నిర్ణయించిన నెల గౌరవ వేతనం 10,000 రూపాయలు దాటింది. ఆ డబ్బు నా జీతంలోంచి పెట్టగలిగాను, ఆమె పెట్టలేదు. దీన్ని దాచను. కానీ నేను వెళ్ళడం మానేస్తే ఆమె చేతికి వచ్చేదేమిటి? ప్రశ్న అక్కడ ఆగకూడదు. నాకు డబ్బు పెట్టి దొరికిన శిక్షణ ఆమెకు హక్కుగా ఎందుకు లేదు అన్న దగ్గరికి వెళ్ళాలి. దారిలో ఎక్కువ ప్రమాదం ఎదుర్కొనేది నేను కాదు, ఆమె. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. మంచి పని. బస్సు రాని ఊరికి టిక్కెట్టు ఉచితమైతే ఏం లాభం? పార్వతీపురం మన్యంలో ఇంకా గర్భిణులను డోలీ కట్టి మోసుకొచ్చే గూడేలున్నాయి. అక్కడికి వెళ్ళే ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల పని బండి మీదే ఆధారపడి ఉంది. వాళ్ళకి మనం, ప్రభుత్వం కలిసి ఇస్తున్నది బండి కొనుక్కోమనే సలహా, పడితే ఇంట్లో కూర్చోమనే ఆంక్ష.

పేదల విషయంలో ఇలాంటిది సాధ్యం కాదని అనకండి. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతోపాటు సైకిల్ నేర్పారు. షీలా రాణి చుంకత్ కలెక్టరుగా ఉన్నప్పుడు. వ్యవసాయ కూలీలు, క్వారీల్లో పనిచేసే ఆడవాళ్ళు వేల సంఖ్యలో నేర్చుకున్నారు. సైకిల్ నేర్చుకోవడాన్ని అక్షరాలు నేర్చుకోవడంతో సమానమైన పనిగా పెట్టారు. ఇంట్లో తమ్ముడి దయకి వదిలేయలేదు. హైదరాబాదులో జై భారతి మొదలుపెట్టిన మోవో సంస్థ ఆడవాళ్ళకి బండ్లు నేర్పుతోంది. మన దగ్గర ఎందుకు లేదు?

కాబట్టి నేను కోరేవి ఇవి. ఒకటి, సంస్థ పని మీద బండి నడిపే ప్రతి కార్యకర్తకీ కనీసం నాలుగు రోజుల శిక్షణ, ఆ రోజులకి జీతంతో. బ్రేకు, మలుపు, కంకర, వాన, దిగుడు అందులో ఉండాలి. రెండు, బండికి అప్పు ఇప్పించే ప్రతిచోటా తలకి సరిపోయే హెల్మెట్, ప్రమాద బీమా అప్పుతో కలిసి రావాలి. వెనక కూర్చునే మనిషికీ హెల్మెట్ ఉండాలి. మూడు, ప్రతి డివిజన్ కేంద్రంలో వారానికి రెండు పూటలు ఒక మైదానం ఆడవాళ్ళ సాధనకి కేటాయించమని రెండు జిల్లాల కలెక్టర్లనూ, మన్యం కలెక్టరునూ మనం అడగాలి. నాలుగు, పడినవాళ్ళ పనికీ జీతానికీ హామీ. కాలు విరిగితే ఉద్యోగం పోదన్న నమ్మకం లేనిదే ఇంట్లోవాళ్ళ చేతి నుంచి తాళం మన చేతికి రాదు.

ఐదోది మన చేతిలోనే ఉంది. మూడేళ్ళ కిందటి తీర్మానాన్ని రద్దు చేయాలి. రాసిన మనిషిగా నేనే ప్రతిపాదిస్తున్నాను. నేను రాలేని ఆ సమావేశంలోనే దీన్ని చర్చకి పెట్టండి. ట్రాక్ నుంచి తిరిగొచ్చాక మొదటి ఆదివారం పొద్దున్న ఆరింటికి భోగాపురం లేఅవుట్ దగ్గర ఉంటాను. నేర్చుకున్నది నేర్పుతాను. స్కూటీ లేనివాళ్ళు నా బండి మీదే నేర్చుకోవచ్చు.

ఆ సమావేశానికి సీతంపేట దారిలో పడిన మన కార్యకర్తనీ పిలవండి. రానూపోనూ ఖర్చు సంస్థ పెట్టుకోవాలి. ఆ రోజు ఆమె మంచం మీద ఉంటే, ఆమెను అడక్కుండా ఆమె పేరు మీద తీర్మానం చేశాం. ఈసారి ముందు ఆమె మాట్లాడాలి.